పగ పట్టడం రాని బచ్చప్ప

బచ్చప్ప సినిమాలో దెయ్యం వేషం వేస్తున్నాడని తెలిసిన రోజున కోలారు బంగారు గనుల కూలీల లైన్ ఇళ్ళలో భయపడినవాళ్ళు ఒక్కరూ లేరు. కడుపు పట్టుకుని నవ్వినవాళ్ళు మాత్రం చాలామంది. వాళ్ళలో మొదటి మనిషి ఆయన పెళ్ళాం నరసమ్మ. "దెయ్యమా? ఈయప్పా? ఇంట్లో ఎలక కనపడితే 'పక్కకి పోమ్మా, తొక్కేస్తా' అంటాడు. ఈయప్ప ఎవుర్ని పీక్కోని తింటాడు?" అని కొళాయి దగ్గర బిందె దించి మరీ నవ్వింది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మనిషికి కోపం రావాలన్నా ఒక యోగం ఉండాలి. బచ్చప్పకు ఆ యోగం పుట్టుకతోనే లేదు. గని నడిచినన్నాళ్ళూ ఆయనది దుంగల పని. భూమి లోపల తవ్విన దారుల్లో పైనుంచి రాయి కూలకుండా నీలగిరి దుంగలు నిలబెట్టి, సందుల్లో చెక్కముక్కలు బిగగొట్టడం. పక్కవాడి సమ్మెట గురితప్పి తన బొటనవేలి మీద పడితే, ఆ పక్కవాడికే "పోనీలేప్పా, చీకటి కదా" అని ధైర్యం చెప్పేవాడు. సర్కారు గనిని మూసేసి అందరినీ ఇంటికి పంపినప్పుడు ఊరు ఊరంతా ధర్నాకు కూర్చుంది. బచ్చప్ప కూడా పోయి కూర్చున్నాడు. నినాదం చెప్పమని మైకు చేతికిస్తే పక్కవాడికి ఇచ్చేశాడు. అరిచి అరిచి అలిసిపోయినవాళ్ళకు చెంబుతో నీళ్ళు అందించి ఇంటికొచ్చాడు.

ఇటువంటి మనిషి బతుకులో పగ అనేది ఒక్కటే ఉంది. అది కూడా ఆయనది కాదు, వాళ్ళన్నది.

అన్న పేరు పిల్లప్ప. కామసముద్రం దగ్గర పల్లెలో రాగులు పండిస్తాడు, పట్టుపురుగులు మేపుతాడు, నాలుగు మామిడిచెట్లున్నాయి. అమ్మానాయనా చిన్నప్పుడే పోతే బచ్చప్పను సాకింది ఆయనే. మీసం కూడా సరిగా రాని తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, గని గేటు ముందు నిలబడి, "మావోడు శానా మెత్తన. సూసి పని చెప్పండప్పా" అని అక్కడున్న కాపలావాడికి అప్పగించి పోయింది కూడా ఆయనే. ఆ కాపలావాడికీ పని ఇప్పించడానికీ ఏ సంబంధమూ లేదని పిల్లప్పకు ఈనాటికీ తెలియదు.

అలాంటి అన్న, బచ్చప్ప కూతురు పెళ్ళిలో అలిగాడు. వాళ్ళలో ముహూర్తానికి ముందు మొదటి తాంబూలం ఇంటి పెద్దకు ఇవ్వాలి. అది అందుకున్నవాడిదే ఆ ఇంటి పెద్దరికం. పిల్లప్ప ఇస్త్రీ పంచె కట్టి, భుజాన శాలువా వేసుకుని, చేతులు చాచి సిద్ధంగా నిలబడ్డాడు. ఆయన పక్కనే, పిలవగానే పెద్దమనసు చేసుకుని వచ్చిన గని పైఅధికారి, మైన్ కెప్టెన్ నిలబడ్డాడు. గనిలోకి మనుషుల్ని దించే కేజ్ ఎక్కి దిగాలన్నా, టీ తాగాలన్నా ముందు కెప్టెన్, తర్వాతే ఎవరైనా. బచ్చప్ప చేతులకు అన్నేళ్ళ అలవాటు. తాంబూలం పళ్ళెం దానంతట అదే కెప్టెన్ వైపు వెళ్ళిపోయింది. ఈ ఆచారం ఎరగని ఆయనేమో ఇదేదో పెళ్ళి కేకు అనుకున్నట్టు నవ్వుతూ అందుకున్నాడు.

పిల్లప్ప చాచిన చేతులు చాచినట్టే ఉన్నాయి. కాసేపటికి వాటిని వెనక్కి తీసుకుని, శాలువా మడిచి చంకలో పెట్టుకుని, పెళ్ళిపందిట్లో అందరూ వినేటట్టు ఒకే మాటన్నాడు. "ఆయప్పే నీకు పెద్దదిక్కయితే ఆయప్పనే పెట్టుకో. ఇంగ నీ గడప తొక్కను. నీ సావుకి గూడా రాను."

అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. బచ్చప్ప ఎన్నిసార్లు పల్లెకు పోయి వాకిట్లో నిలబడ్డా, ఆయన పట్టుపురుగుల తట్టల వైపు తిరిగి వాటితోనే మాట్లాడేవాడు. పెద్దమనుషులను పంపితే వాళ్ళకు మజ్జిగ ఇచ్చి పంపించేశాడు. బచ్చప్ప దిగులు పైకి కనపడేది కాదు గాని లోపల అది తగ్గిందే లేదు. చావంటే ఆయనకు భయం లేదు, రోజూ భూమి లోపలికి దిగి వచ్చినవాడు. తను చచ్చిన రోజున అందరూ వచ్చి అన్న ఒక్కడూ రాడే అన్నదే ఆయన బాధంతా.

గని మూతపడిన మూడో ఏట బెంగళూరు నుంచి సినిమావాళ్ళు వచ్చారు. సైనైడ్ గుట్టలు, అంటే రాయి పిండిచేసి బంగారం తీసుకున్నాక పారబోసిన తెల్లమన్ను కొండలు, దెయ్యాల సినిమాకు బాగా కుదురుతాయని వాళ్ళకెవరో చెప్పారట. సినిమా పేరు 'పదో లెవెల్ పగ'. దుర్మార్గుడైన కెప్టెన్ ఒక కూలీని గనిలో పదో లెవెల్ లోతుకు తోసి చంపుతాడు. ఆ కూలీ దెయ్యమై లేచి, ఒక్కొక్కణ్ణీ గొంతు పిసికి పగ తీర్చుకుంటాడు. కథ అంతే, మిగిలిందంతా పొగ.

కెప్టెన్ వేషం ముళబాగిలు వైపు నాటకాల్లో రాక్షసుల వేషాలు కట్టే ఓబలప్పది. గొంతు విప్పితే పందిరి గుంజలు ఊగేవి. కాని ఆయనకు దెయ్యాలంటే వల్లమాలిన భయం. కురుడుమలె వినాయకుడికి మొక్కుకుని, రెండు చేతులకూ తాయెత్తులు కట్టుకుని, కోటు చేతులు కిందికి లాక్కుంటూ షూటింగుకు వచ్చాడు. దెయ్యం వేషానికి తెచ్చిన నటుడు ఇంకా సుకుమారం. తెల్లమన్ను గుట్టల మీద ఎండ కింద నుంచీ పైనుంచీ కొట్టేసరికి మొదటిరోజే మొహం బూరెలా వాచిపోయి, బంగారుపేటలో రైలెక్కి వెళ్ళిపోయాడు.

దారులు చూపించడానికి, నేల ఎక్కడ గుల్లగా ఉందో చెప్పడానికి పెట్టుకున్న బచ్చప్ప మీద అప్పుడు డైరెక్టరు చూపు పడింది. డైరెక్టరు కుర్రవాడు, మంచివాడే, కాకపోతే గొడుగు కింద నుంచి లోకాన్ని చూసే రకం. ఎండిన ఒళ్ళు, లోపలికి పోయిన కళ్ళు, పొడుగాటి చేతులు చూసి మురిసిపోయాడు. వద్దు సార్, నాకు చేతకాదు అని బచ్చప్ప అన్నది నిజమే గాని, ఆయన అన్న తీరు అవునన్నట్టే ఉంది. గట్టిగా కాదనాలంటే కూడా కొంచెం కోపం కావాలి కదా.

రెండు రోజులు డైరెక్టరు ఆయనకు పగ నేర్పించాడు. పళ్ళు కొరకమన్నాడు, కొరికితే పంటినొప్పి ఉన్నవాడిలా కనిపించాడు. కళ్ళు పెద్దవి చెయ్యమంటే దారి తప్పినవాడిలా ఉన్నాడు. ఓబలప్ప గొంతు పట్టుకోమంటే, "నొప్పి అయితే చెప్పప్పా" అని ముందే అడిగాడు. చివరికి డైరెక్టరు విసిగి, "ఏమప్పా, నీ బతుకులో నీకు ఎవరి మీదా పగ లేదా? గుర్తు తెచ్చుకో, దాన్ని మొహంలోకి తీసుకురా" అన్నాడు.

బచ్చప్ప నిజాయితీగా చాలాసేపు వెతికాడు. "నాకైతే లేదు సార్. నా మీద ఒకరికి ఉండాది. అది సరిపోతాదా?" అన్నాడు.

సరిపోలేదు. కాని అన్న గుర్తొచ్చిన మొహం ఎటో చూస్తూ బొమ్మలా ఉండిపోయింది. ఆ చూపుకే ఓబలప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. డైరెక్టరు ఎగిరి గంతేసి, "ఇంక ఏమీ చెయ్యొద్దు, ఇలాగే ఉండు, మిగతాది డప్పులు చూసుకుంటాయి" అన్నాడు.

మర్నాడు పొద్దున కూలీ శవాన్ని తీసుకుపోయే సీను. బచ్చప్పను ఆయన ఉండే లైన్‌లోనే పాడె మీద పడుకోబెట్టారు. చెంపలకు బియ్యప్పిండి పూసి, కళ్ళకింద మసి రాశారు. మోసిందీ, తమటె డప్పు వాయించిందీ, వెంట నడిచిందీ ఆయన ఇరుగుపొరుగే. తమటె వాయించినవాడైతే, నిజం చావుకు కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ వాయించలేదు. లైన్ నుంచి గుట్టల దాకా దారి పొడుగునా బొరుగులూ పూలూ చల్లారు. కూలీ పెళ్ళాంగా నరసమ్మనే ఏడవమన్నారు గాని ఆమె ఒప్పుకోలేదు. "నా మొగుడు రాయి మాదిరి ఉండంగా నాకెందుకప్పా ఆ ఏడుపు" అని బెంగళూరు నటి మీదికి తోసేసింది. పైగా ఆ అపశకునానికి విరుగుడుగా ముఖానికి పసుపు దట్టించి, రూపాయి కాసంత బొట్టు పెట్టి, తలనిండా పూలు ముడిచి, వాకిట్లో నిలబడింది.

ఆ సమయానికి రామాంజినప్ప మోపెడ్ మీద అటు వచ్చాడు. ఈయన పిల్లప్ప పల్లెవాడే. రోజూ హోటళ్ళకు పాలు వేసి పోతాడు. పాడె మీద మొహం చూసి మోపెడ్ ఆపి, చెప్పులు విడిచి, దండం పెట్టాడు. కెమెరా చూడలేదా అంటే చూశాడు. ఈమధ్య కొంచెం కలిగినవాళ్ళు చావుకు కూడా వీడియో తీయించుకుంటున్నారు, గని మూసినప్పుడు రావలసిన డబ్బు చేతికొచ్చినట్టుంది అనుకున్నాడు. ఏడుస్తున్న నటి ఎవరో దూరపు చుట్టం అనుకున్నాడు. కొంచెం అనుమానం ఉన్నా, నరసమ్మను చూశాక అది కూడా పోయింది. వాళ్ళలో భర్త పోయిన ఆడదాన్ని చివరిసారిగా అలాగే పసుపూ పూలతో ముంచెత్తుతారు. పాపం వదిన, ఆఖరి పూలు పెట్టేసినారే అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. కాని చావు కబురు మోసేవాడు ఆ ఇంటి దగ్గర ప్రశ్నలు వెయ్యకూడదు, మంచినీళ్ళు తాగకూడదు, దారిలో ఎక్కడా ఆగకూడదు. రామాంజినప్ప ఆచారం తప్పే మనిషి కాదు. ఒక గుప్పెడు బొరుగులు తీసి పాడె మీద చల్లి, ఖాళీ క్యాన్లు గలగలలాడిస్తూ తిన్నగా కామసముద్రం దారి పట్టాడు. గుప్పెట్లోంచి ఒక బొరుగు ముక్కులో పడి బచ్చప్పకు తుమ్ము వచ్చింది. డైరెక్టరు తిడతాడని దాన్ని మింగేశాడు. తుమ్మి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మధ్యాహ్నం గోరీ సీను. నరసమ్మ కూడా ఇంటికి తాళం వేసి చూడడానికి వచ్చింది. సినిమాలో అర్ధరాత్రి, బయట మాత్రం మండుటెండ. కెమెరాకు నల్లద్దం బిగిస్తే పగలు రాత్రిలా పడుతుందట. తెల్లమన్ను గుట్ట కింద ఒక గుంత తవ్వి, అందులో బచ్చప్పను పడుకోబెట్టి, మెడదాకా తెల్లగుడ్డ కప్పి, పైన కాస్త మన్ను జల్లారు. ఓబలప్ప వచ్చి గుంత అంచున నిలబడి వికటంగా నవ్వాలి. డైరెక్టరు "లే" అనగానే శవం లేచి కెప్టెన్ కాలు పట్టుకోవాలి. అంతవరకూ రెప్ప కూడా కదలకూడదని బచ్చప్పకు గట్టిగా చెప్పారు. ఓబలప్ప గొంతు సవరించుకున్నాడు. కెమెరా తిరగడం మొదలైంది.

అప్పుడే కామసముద్రం నుంచి ట్రాక్టరు వచ్చింది. వాళ్ళు ముందు లైన్ ఇంటికే పోయారు. తాళం వేసి ఉంది, వాకిటంతా పూలు. ఇంక ఎవరినీ అడగకుండా బొరుగులు చల్లిన దారి పట్టుకుని వచ్చేశారు. ట్రాక్టరు ఆగకముందే ఒక ముసలాయన చేతిలో కొత్తగుడ్డతో దూకి, ఓబలప్పను పక్కకు తోసి, గుంత ముందు కూలబడ్డాడు.

"ఒరే బచ్చా, పోతివేరా" అన్న గొంతు విన్నాడు బచ్చప్ప. కళ్ళు మూసుకునే ఉన్నాడు గాని ఆ గొంతు ఎవరిదో తెలియడానికి కళ్ళతో పనిలేదు. చిన్నప్పుడు పొలం గట్టు మీద నుంచి అన్నానికి పిలిచిన గొంతు అది. గుండె లోపల కేజ్ తెగి కిందికి పోయినట్టు అయింది.

"తాంబూలం ఏందిరా, తమలపాకు," పిల్లప్ప తల కొట్టుకుంటున్నాడు. "మేకకేస్తే తింటాది. దాని కోసరం నిన్ను దూరం చేసుకుంటినే. నువ్వు వాకిట్లోకి వస్తే నేను పురుగులతో మాట్లాడితినే. ఏటేటా కాయలు కోసి నీ భాగం పక్కన పెడ్తిని రా. కుళ్ళిపోయినాయే గాని ఇంగొకరికి ఇయ్యలేదు."

ఇదంతా సహాయకుడెవరో ఏర్పాటు చేసిన కొత్త పాత్ర అనుకుని డైరెక్టరు ఆనందంతో ఆపొద్దు ఆపొద్దు అని చేతులు ఊపాడు. కాసేపయ్యాక, "లే" అన్నాడు. శవం లేవలేదు. "లే, లే" అని గొంతు చించుకున్నాడు. శవం ఇంకా బిగుసుకుంది.

లేస్తే అన్న వెళ్ళిపోతాడు. ఆ ఒక్క ఆలోచనే బచ్చప్పను గుంతకు అతికించేసింది. చచ్చాడని వచ్చినవాడు, చావలేదని తెలిస్తే మళ్ళీ ఎప్పటికి వస్తాడు? ఇంకొంచెంసేపు, ఇంకో రెండు మాటలు వినేదాకా చచ్చే ఉందామనుకున్నాడు. బతికున్నన్నాళ్ళు దొరకనిది ఇప్పుడు దొరుకుతుంటే ఎవడు మాత్రం లేస్తాడు.

నరసమ్మ ఒక్కతికే సంగతి అర్థమైంది. కాని కాపురానికొచ్చిన నాటినుంచీ ఆమె బావగారి ఎదుట పెదవి విప్పి ఎరగదు. ఇప్పుడు మాత్రం ఎలా విప్పుతుంది? కొంగు తలమీదికి లాక్కుని, డైరెక్టరు చొక్కా పట్టుకుని గుంజుతూ, "చెప్పు సార్, మీరన్నా చెప్పండి" అని గొణిగింది. డైరెక్టరు ఆమెను విదిలించుకుని మళ్ళీ "లే" అన్నాడు.

పెదవులూ రెప్పలూ బిగించుకున్నాడు గాని కన్నీళ్ళు బచ్చప్ప మాట వినలేదు. బియ్యప్పిండి మీద ఒక చార, దాని వెనకాల ఇంకోటి. పిల్లప్ప ఏడుపు టక్కున ఆగింది. వంగి చూశాడు. చచ్చినవాడు ఏడవడు. ఇంక దాచి లాభం లేదని బచ్చప్ప మన్ను రాలుస్తూ, పాలిపోయిన మొహంతో, మసికళ్ళతో మెల్లగా లేచి కూర్చున్నాడు.

పల్లెజనం ఒక్క పెట్టున ట్రాక్టరు ఎక్కేశారు. రామాంజినప్ప ఎక్కలేక చక్రం కింద దూరాడు. అందరికన్నా ముందు పరిగెత్తింది మాత్రం ఓబలప్ప. వేషం సంగతి తెలిసినవాడే, అయినా తెల్లకొండ సగందాకా ఎక్కేసి వెనక్కి తిరిగి చూడలేదు. గుంత దగ్గర మిగిలింది పిల్లప్ప ఒక్కడే. తమ్ముడు దెయ్యమై లేచాడనే ఆయనా అనుకున్నాడు. కాని కదల్లేదు. మెడ మీది తుండుగుడ్డ తీసి పక్కన పెట్టి, మెడ ముందుకు చాచాడు.

"పగ తీర్చుకోను లేసినావా? తీర్చుకో రా. న్యాయమే. నీ చేతుల్లో సచ్చినా నేను యాడికీ పోను."

బచ్చప్పకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. "అన్నా, నాకు పగ పట్టేది రాదన్నా. రెండు దినాల నుంచీ ఈ సారు నేర్పిస్తానే ఉండాడు" అన్నాడు.

పిల్లప్ప తమ్ముడి చెంప ముట్టుకున్నాడు. వేడిగా ఉంది. అప్పుడు తిరిగి చూస్తే గొడుగు, కెమెరా, అద్దాలు, నోరు తెరుచుకున్న జనం కనబడ్డారు. సంగతి బోధపడగానే ఆ చెంప మీదే ఒక్కటి పీకాడు. గుట్టకు తగిలి తిరిగొచ్చేంత గట్టిగా మోగింది. పీకిన చెయ్యి తీయకుండానే తమ్ముణ్ణి ఒళ్ళోకి లాక్కున్నాడు. ఇద్దరి మీదా బియ్యప్పిండి అయింది.

"కోపం పెట్టుకోవద్దన్నా. ఇంగ వెళ్ళిపోతావు కదా" అన్నాడు బచ్చప్ప, చిన్నపిల్లాడిలా తుండుగుడ్డ కొస పట్టుకుని.

"యాడికి పోయేది? సావుకి వచ్చినోడు తానం చేయకుండా ఊరు దాటతాడా? మీ ఇంట్లో నీళ్ళు కాగబెట్టమను," అన్నాడు పిల్లప్ప, మొహం అటు తిప్పుకుని. ఆ మాట పూర్తవకముందే నరసమ్మ కొంగు బిగించి లైన్ వైపు పరుగు తీసింది. ఆ వయసులో ఆమె అలా పరిగెత్తగలదని ఎవరూ అనుకోలేదు.

అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని గుంతలోంచి లేస్తుంటే డైరెక్టరు చేతులు జోడించుకుని ఎదురొచ్చాడు. ఏడిచినవాడు నటుడు కాదని అప్పటికి ఆయనకూ తెలిసింది. అయినా ఆశ చావలేదు. "పెద్దాయనా, అద్భుతంగా ఏడ్చినారు. కాని ట్రాక్టరు దుమ్ము అడ్డం వచ్చి మొహం సరిగా పడలేదు. మీరు కొంచెం అక్కణ్ణించి పరిగెత్తుకుని వచ్చి, అలాగే ఇంకొక్కసారి ఏడిస్తే చాలు."

పిల్లప్ప తమ్ముడి చెయ్యి తన చంకలో బిగించుకున్నాడు.

"ఇంగోసారి ఏడ్చల్లంటే మావోడు ఇంగోసారి సావల్ల కదప్పా," అన్నాడు. "దానికి నేను ఒప్పుకోను."